పలుచని చమురు పొరలో నిలువు బావి, సమాంతర బావి, శాఖల బావి: సిమ్యులేషన్ పోలికను ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న – విశాఖ_విద్యార్థి

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో పెట్రోలియం ఇంజినీరింగ్ ఎం.టెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. పైన గ్యాస్, కింద నీరు, మధ్యలో పలుచని చమురు పొర ఉన్న రిజర్వాయర్‌లో (చమురు, గ్యాస్ నిలిచిన భూగర్భ రాతి పొరలో) బావి ఆకృతిని బట్టి ఉత్పత్తి ఎలా మారుతుందో కంప్యూటర్ మోడల్‌తో పరిశీలించడం నా ప్రాజెక్టు. దీనికి నార్వే సముద్రతీరానికి ఆవల ఉన్న ట్రోల్ క్షేత్రాన్ని నమూనాగా తీసుకున్నాను. 1979లో కనుగొన్న ఆ క్షేత్రంలో ప్రధానంగా ఉన్నది గ్యాసే అయినా, పడమటి భాగంలో గ్యాస్ కింద చమురు పొరగా పరుచుకొని ఉంది. దాని మందం ఒక ప్రాంతంలో 22 నుంచి 26 మీటర్లు, మరో ప్రాంతంలో 12 నుంచి 14 మీటర్లు మాత్రమే. పైన 300 మీటర్లకు మించిన సముద్రం, రిజర్వాయర్ సముద్రమట్టానికి సుమారు 1,400 మీటర్ల దిగువన. ఇంత పలుచని పొర నుంచి చమురు తీయడం లాభసాటి కాదని మొదట్లో అనుకున్నారని, క్షితిజ సమాంతర బావులు వచ్చాకే అది సాధ్యమై 1995లో చమురు ఉత్పత్తి మొదలైందని చదివాను. ఈ బావులను ఇకపై క్లుప్తంగా సమాంతర బావులు అంటాను.

నా మోడల్ నిజమైన ట్రోల్ కాదు, దాన్ని పోలిన ఒక పెట్టె. పొడవు 3 కిలోమీటర్లు, వెడల్పు 2 కిలోమీటర్లు, చమురు పొర మందం 13 మీటర్లు. లెక్క కోసం మోడల్‌ను విడగొట్టిన గ్రిడ్ గడులు 100 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల మందం. అడ్డు పారగమ్యత (రాయి గుండా ద్రవం అడ్డంగా ఎంత సులువుగా పారుతుందో చెప్పే విలువ, కొలమానం డార్సీ) అంతటా 3 డార్సీలు, నిలువు పారగమ్యత అందులో పదో వంతు. ఓపీఎం ఫ్లో అనే ఓపెన్ సోర్స్ సిమ్యులేటర్ వాడుతున్నాను. నాలుగు రకాల బావులను విడివిడిగా నడిపాను: 5 మీటర్ల పెర్ఫొరేషన్ (చమురు లోపలికి రావడానికి రంధ్రాలు చేసిన భాగం) ఉన్న నిలువు బావి, 1,000 మీటర్ల సమాంతర బావి, 2,000 మీటర్ల సమాంతర బావి, చెరో 1,000 మీటర్ల చొప్పున రెండు శాఖలున్న బావి. అన్నింటికీ బావి అడుగు పీడనాన్ని రిజర్వాయర్ పీడనం కన్నా 1 బార్ తక్కువగా ఉంచాను. సమాంతర బావులను నీటి మట్టానికి మీటరు పైన పెట్టాను.

1,000 మీటర్ల బావి మొదట్లో రోజుకు దాదాపు 4,000 ఘనపు మీటర్ల చమురు ఇచ్చింది. 2,000 మీటర్ల బావి దానికి సరిగ్గా రెట్టింపు ఇచ్చింది. రెండు శాఖల బావి, 2,000 మీటర్ల ఒంటి బావి ఒకదానికొకటి 2 శాతం తేడాలో ఉన్నాయి. నిలువు బావి వీటి దరిదాపుల్లో లేదు. ఇంతవరకు సంతోషంగానే ఉంది కానీ, గడుల మందాన్ని 4 మీటర్ల నుంచి 1 మీటరుకు తగ్గించి మళ్ళీ నడిపితే బావిలోకి గ్యాస్ వచ్చే రోజు మూడో వంతుకు పడిపోయింది.

నాకు మూడు సందేహాలు ఉన్నాయి. పొడవు రెట్టింపైతే ఉత్పత్తి కూడా అచ్చంగా రెట్టింపు కావడం సహజమేనా? రెండు గ్రిడ్‌లలో దేన్ని నమ్మాలి? శాఖలుగా చీల్చడం వల్ల ప్రయోజనం లేదని నా ఫలితం ఆధారంగా రాయవచ్చా? దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం – ఉత్తర_సముద్రం

మీరు మోడల్‌ను స్పష్టంగా వివరించినందుకు ధన్యవాదాలు. వివరాలు ఇంత శుభ్రంగా ఇచ్చినప్పుడే ఉపయోగపడే సమాధానం చెప్పడానికి వీలవుతుంది. నేను నార్వేలో చాలా ఏళ్ళుగా రిజర్వాయర్ మోడలింగ్ పనిలో ఉన్నాను. మొదటి, మూడవ సందేహాలకు కారణం ఒక్కటే కాబట్టి వాటిని కలిపి చెబుతాను.

మీ బావికి మోడల్‌లో పొడవు ఉంది కానీ గొట్టం లేదు. సిమ్యులేటర్‌లో సాధారణ బావి నమూనా వాడినప్పుడు బావి గడిచే గడులన్నింటికీ ఒకే అడుగు పీడనం వర్తిస్తుంది. లోతులో తేడా ఉంటే ద్రవస్తంభపు బరువు మాత్రమే సరిచేయబడుతుంది. చమురు లైనర్‌లో, అంటే బావి లోపలి గొట్టంలో, వందల మీటర్లు ప్రయాణించేటప్పుడు ఘర్షణ వల్ల పోయే పీడనం లెక్కలోకి రాదు. అందువల్ల బావి చివరి మీటరు కూడా మొదటి మీటరుతో సమానంగా రిజర్వాయర్‌ను లాగుతుంది, పొడవు రెట్టింపైతే ఉత్పత్తి రెట్టింపవుతుంది, 2,000 మీటర్లు ఒకే గొట్టంగా ఉన్నా రెండు శాఖలుగా ఉన్నా తేడా కనిపించదు. మీరు చూసినది రిజర్వాయర్ స్వభావం కాదు, నమూనాలో మీరు అనుకోకుండా ఒప్పుకున్న ఊహ.

ఈ ఊహ ఎంత పెద్దదో కాగితం మీద లెక్కించి చూడండి. లైనర్ లోపలి వ్యాసం 15 సెంటీమీటర్లు, చమురు సాంద్రత ఘనపు మీటరుకు 800 కిలోలు, ఘర్షణ గుణకం 0.02 అనుకుందాం. రోజుకు 4,000 ఘనపు మీటర్లు అంటే గొట్టంలో వేగం సెకనుకు సుమారు 2.6 మీటర్లు. ఆ వేగంతో మీటరుకు దాదాపు 366 పాస్కల్‌ల పీడనం పోతుంది. అయితే చమురు బావి పొడవునా కొంచెం కొంచెంగా చేరుతుంది కాబట్టి పూర్తి ప్రవాహం మడమ (బావి అడ్డంగా తిరిగే మొదలు) దగ్గరే ఉంటుంది. చేరిక సమానంగా ఉందనుకుంటే మొత్తం నష్టం ఇందులో మూడో వంతు, అంటే 1,000 మీటర్లకు సుమారు 1.2 బార్. మీరు బావికి ఇచ్చిన డ్రాడౌన్, అంటే రిజర్వాయర్‌కూ బావి అడుగుకూ మధ్య పీడన తేడా, మొత్తం 1 బార్ మాత్రమే! అంటే ఆ 4,000 ఘనపు మీటర్లు ఆ గొట్టంలో ఆ పీడనంతో ప్రవహించడమే సాధ్యం కాదు. ఇక 2,000 మీటర్ల బావిలో 8,000 ఘనపు మీటర్లు అంటే వేగం రెట్టింపు, వేగపు వర్గం నాలుగు రెట్లు, పొడవు రెండు రెట్లు. నష్టం మొత్తం ఎనిమిది రెట్లై 10 బార్‌కు చేరువవుతుంది. అదే ప్రవాహాన్ని చెరో 1,000 మీటర్ల రెండు శాఖలుగా విడదీస్తే ఒక్కో శాఖలో మళ్ళీ 1.2 బార్ లెక్కే మిగులుతుంది. శాఖల బావికి ఉన్న అసలు బలం ఇదే, మీ మోడల్ దాన్నే చూడలేకపోయింది.

సాధారణ రిజర్వాయర్‌లో పది, ఇరవై బార్ డ్రాడౌన్‌తో నడిచే బావికి అర బార్ ఘర్షణను విస్మరించినా పెద్ద నష్టం లేదు. ట్రోల్ వంటి చోట అలా కుదరదు, ఎందుకంటే అక్కడ రాయి చాలా పారగమ్యమైనది, చాలా తక్కువ డ్రాడౌన్‌కే చమురు ధారాళంగా వస్తుంది. పైగా ఎక్కువ లాగకూడదు కూడా. మీ బావికీ గ్యాస్‌కూ మధ్య 12 మీటర్ల చమురు ఉంది. చమురుకు, గ్యాస్‌కు రిజర్వాయర్ పరిస్థితుల్లో సాంద్రత తేడా 650 కిలోలు అనుకుంటే ఆ 12 మీటర్ల వల్ల వచ్చే గురుత్వ బలం 0.77 బార్ మాత్రమే. గ్యాస్‌ను పైనే పట్టి ఉంచేది ఆ 0.77 బారే. బావి దగ్గర దాన్ని మించి లాగితే గ్యాస్ శంఖం ఆకారంలో కిందికి దిగి బావిని చేరుతుంది. ఘర్షణ కారణంగా మడమ దగ్గర డ్రాడౌన్ ఎక్కువ, చివర తక్కువ కాబట్టి గ్యాస్ ముందు మడమ దగ్గర దిగుతుంది. గ్యాస్ స్నిగ్ధత చాలా తక్కువ కావడంతో అది ఒకసారి దారి చేసుకున్నాక బావిని అదే ఆక్రమిస్తుంది, చివరి వందల మీటర్ల చమురు వెనకే ఉండిపోతుంది.

కాబట్టి మీరు బహుఖండ బావి నమూనాకు మారండి. బావిని 50 లేదా 100 మీటర్ల ఖండాలుగా విడగొట్టి ప్రతి ఖండానికీ విడి పీడనం, విడి ప్రవాహం లెక్కించే పద్ధతి అది. మీ సిమ్యులేటర్‌లో వెల్‌సెగ్స్, కాంప్‌సెగ్స్ అనే కీవర్డ్‌లతో దాన్ని రాయవచ్చు. లైనర్ వ్యాసం, గరుకుతనం సరిగా ఇవ్వండి. శాఖల బావి అయితే రెండు శాఖలు కలిసే చోటు నుంచి పైకి వెళ్ళే ఉమ్మడి గొట్టాన్ని కూడా ఖండాలుగా చేర్చడం మరవకండి. అది మరిచిపోతే ఈసారి శాఖలకు అన్యాయంగా అనుకూలమైన ఫలితం వస్తుంది.

సమాధానం – గడుల_లెక్క

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. గ్రిడ్ సందేహం గురించి మాత్రం రాస్తాను.

బావి వ్యాసార్ధం 11 సెంటీమీటర్లు, గడి వెడల్పు 100 మీటర్లు. బావి పీడనానికీ, గడి సగటు పీడనానికీ మధ్య సంబంధాన్ని సిమ్యులేటర్ ఒక సూత్రంతో ఊహిస్తుంది. పీస్‌మన్ 1978లో ఇచ్చిన ఆ సూత్రం ప్రకారం చదరపు గడిలో, అన్ని దిశల్లో సమాన పారగమ్యత ఉంటే, గడి పీడనం బావి నుంచి గడి వెడల్పులో సుమారు 0.2 వంతు దూరంలో ఉన్న పీడనానికి సమానం. నిలువు బావికి, మీ 100 మీటర్ల గడిలో అది 20 మీటర్లు. ఇందులో ఇబ్బంది లేదు. 1983లో ఆయనే దిశను బట్టి పారగమ్యత మారే సందర్భానికి సూత్రాన్ని విస్తరించారు, సమాంతర బావికి సిమ్యులేటర్లు దాన్నే వాడతాయి.

అందులో మీ అంకెలు వేసి చూడండి. గడి వెడల్పు 100 మీటర్లు, మందం 4 మీటర్లు, నిలువు పారగమ్యత పదో వంతు. ఆ దూరం, అంటే తుల్య వ్యాసార్ధం, 6.8 మీటర్లు వస్తుంది. అంటే గడి మందం కన్నా ఎక్కువ, మీ చమురు పొరలో సగానికి పైగా. ఈ సూత్రం బావి ఎల్లలకు, ఇతర బావులకు దూరంగా ఏకరీతి గ్రిడ్ మధ్యలో ఉందనే ఊహపై నిలిచింది. పైన గ్యాస్, మీటరు కింద నీరు ఉన్న చోట ఆ ఊహ చెల్లదు. అదే 10 మీటర్ల వెడల్పు, 1 మీటరు మందం గడులు పెడితే తుల్య వ్యాసార్ధం 0.7 మీటర్లకు దిగుతుంది. అప్పుడు బావి చుట్టూ జరిగేదాన్ని సూత్రం కాక, గ్రిడ్ లెక్కిస్తుంది.

గ్యాస్ శంఖం విషయంలో వెడల్పు మందం కన్నా ముఖ్యమైనది కావచ్చు. సమాంతర బావి మీద గ్యాస్ దిగేటప్పుడు అది బావి పొడవునా ఒక గాడిలా వంగుతుంది. ఆ గాడి వెడల్పు కొన్ని పదుల మీటర్లు. 100 మీటర్ల గడి దాన్ని మొత్తంగా సగటు చేసి చదును చేస్తుంది, అందువల్ల గ్యాస్ ఆలస్యంగా వచ్చినట్టు కనిపిస్తుంది. మీరు మందాన్ని మాత్రమే తగ్గించినా ఇంత తేడా వచ్చిందంటే, వెడల్పు కూడా తగ్గిస్తే మరింత మారుతుంది. కాబట్టి మీ రెండు గ్రిడ్‌లలో ఏదీ నమ్మదగినది కాదు. బావికి ఇరువైపులా 5 నుంచి 10 మీటర్ల గడులతో మొదలుపెట్టి దూరం పోయేకొద్దీ పెంచుకుంటూ వెళ్ళండి. మందాన్ని చమురు పొరలో మీటరు లేదా అర మీటరు చేయండి. బావి పొడవు వెంట మాత్రం 50 లేదా 100 మీటర్లు సరిపోతాయి. మీ పెట్టె ఏకరీతిగా ఉంది కాబట్టి బావి గుండా నిలువుగా కోసి సగం మోడల్‌నే నడిపినా చాలు, సమయం ఆదా అవుతుంది. సగం బావికి వెల్ ఇండెక్స్ (గడి నుంచి బావిలోకి ప్రవాహం ఎంత సులువో చెప్పే గుణకం) కూడా సగమే అన్న సంగతి గుర్తుంచుకోండి. ఇంకా సగానికి తగ్గించినా గ్యాస్ వచ్చే రోజు మారని స్థాయికి చేరిన గ్రిడ్‌ను వాడండి. ఆ పరీక్షల పట్టికను థీసిస్‌లో తప్పకుండా చేర్చండి.

నిలువు బావికి ఇచ్చిన 5 మీటర్ల పెర్ఫొరేషన్ 4 మీటర్ల గడుల్లో ఒకటింబావు గడికి వస్తుందనీ, అందువల్ల దానికి జరిగిన లెక్క కూడా సందేహాస్పదమేననీ గమనించండి. దాని ఫలితం చాలా తక్కువగా ఉంది కదా అని వదిలేయకండి. పోలికలో రెండు వైపులా సమానమైన శ్రద్ధ ఉండాలి.

అమెరికాలోని పెట్రోలియం ఇంజినీర్ల సంఘం ఎస్‌పీఈ 1991లో ప్రచురించిన ఏడవ తులనాత్మక పరిష్కార ప్రాజెక్టు సరిగ్గా ఈ సమస్యపైనే, అంటే పలుచని రిజర్వాయర్‌లో సమాంతర బావిని, అందులోని పీడన నష్టంతో సహా ఎలా లెక్కించాలన్న దానిపైనే రూపొందింది. అనేక సంస్థల సిమ్యులేటర్లు ఒకే సమస్యకు ఇచ్చిన జవాబులు అందులో పక్కపక్కన ఉంటాయి. మీ ఇన్‌పుట్ ఫైలు సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి ముందుగా ఆ సమస్యను నడిపి చూడటం మంచిది.

సమాధానం – ఇసుకరాయి

నేను భూగర్భ శాస్త్రం వైపు నుంచి వచ్చినదాన్ని, హైదరాబాద్‌లో పని చేస్తున్నాను. పై ఇద్దరూ బావి గురించి, గడి గురించి చెప్పారు. నిలువు పారగమ్యత పదో వంతు అని మీరు ఎక్కడి నుంచి తీసుకున్నారు? ఇది మందలింపుగా అడగడం లేదు. విద్యార్థుల మోడళ్ళలోనూ, చాలా సార్లు ఉద్యోగంలో ఉన్నవారి మోడళ్ళలోనూ ఈ పదో వంతు ఎవరూ ప్రశ్నించకుండా వచ్చి కూర్చుంటుంది. నిలువు బావి విషయంలో దాని ప్రభావం తక్కువ. సమాంతర బావికి చమురు పై నుంచి, కింది నుంచి కూడా చేరాలి కాబట్టి అక్కడ అదే ప్రాణం.

ఒక గడిని తీసుకోండి. 4 మీటర్ల మందంలో 3.9 మీటర్లు 1,000 మిల్లీడార్సీల ఇసుక, మిగిలిన 10 సెంటీమీటర్లు 0.1 మిల్లీడార్సీ ఉన్న బంకమట్టి పొర. అడ్డంగా ప్రవహించేటప్పుడు సగటు 975 మిల్లీడార్సీలు, బంకమట్టి ఉన్నట్టే తెలియదు. నిలువుగా ప్రవహించేటప్పుడు మాత్రం హార్మోనిక్ సగటు వర్తిస్తుంది, అది సుమారు 4 మిల్లీడార్సీలు. పది సెంటీమీటర్ల పొర ఒక్కటే పారగమ్యతను రెండు వందల యాభై రెట్లు తగ్గించింది. అయితే ఆ పొర ఇరవై మీటర్లు సాగి ఆగిపోతే ప్రవాహం దాని చుట్టూ తిరిగి పోతుంది, అప్పుడు నిజమైన విలువ ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. అందుకే పొర మందం కన్నా అది ఎంత దూరం సాగుతుందన్నదే అసలు ప్రశ్న, బావి నుంచి తీసిన ఒక కోర్ (రాతి) ముక్కను చూసి దానికి జవాబు చెప్పడం కష్టం. గోదావరి డెల్టా కింద ఉన్న ఇసుకరాళ్ళలోనైనా సరే, డెల్టా నిక్షేపం అంటేనే ఇసుక, బంకమట్టి ఒకదానిపై ఒకటి పేర్చినట్టు ఉంటుంది. మన పక్కనే ఉన్న నదిని గమనించినవారికి ఇది వింతగా తోచదు.

ట్రోల్‌లో చమురు ఉన్నది జురాసిక్ కాలపు సోగ్నెఫియోర్డ్ ఇసుకరాళ్ళలో. అక్కడ ముతకగా, శుభ్రంగా ఉన్న ఇసుక పొరలు, అభ్రకం ఎక్కువగా ఉన్న సన్నని ఇసుక పొరలు మారుతూ వస్తాయి. కాల్సైట్‌తో గట్టిపడిన పలకల వంటి పొరలు కూడా తగులుతాయి. అంతటా 3 డార్సీలు అనే మీ పెట్టె శుభ్రమైన ఇసుకకు ప్రతినిధి మాత్రమే.

మీరు నిలువు, అడ్డు పారగమ్యతల నిష్పత్తిని 0.5, 0.1, 0.01 చొప్పున మార్చి మూడు సార్లు నడపండి. వెల్ ఇండెక్స్‌లో ఆ నిష్పత్తి వర్గమూలంగా వస్తుంది కాబట్టి 0.1 నుంచి 0.01కి దిగితే సమాంతర బావి సామర్థ్యం దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. కానీ అదే సమయంలో బావికీ గ్యాస్‌కూ మధ్య అడ్డంకి పెరిగి గ్యాస్ ఆలస్యంగా దిగుతుంది. ఒక మార్పు వల్ల నష్టం, లాభం రెండూ వస్తాయి. ఏది గెలుస్తుందో ముందుగా చెప్పలేం, అందుకే మోడల్ కావాలి.

సమాధానం – రిగ్_మీద

ఇరవై ఏళ్ళు డ్రిల్లింగ్‌లో పని చేశాను. చిన్న విషయమే కానీ చెప్పాలనిపించింది. మీరు బావిని నీటి మట్టానికి మీటరు పైన గీత గీసినట్టు పెట్టారు. ట్రోల్‌లో నీటి మట్టానికి దగ్గరగానే బావులు వేశారన్నది నిజమే, గ్యాస్‌కు వీలైనంత దూరంగా ఉండాలి కాబట్టి. కానీ భూమి లోపల గీత అంత తిన్నగా ఉండదు. కిలోమీటర్ల పొడవున తవ్వేటప్పుడు సర్వే లెక్కలో లోతు కొన్ని మీటర్లు అటూ ఇటూ తప్పవచ్చు. అందుకే రెసిస్టివిటీ (విద్యుత్ నిరోధకత) పరికరంతో నీటి మట్టం ఎంత దూరంలో ఉందో చూసుకుంటూ బిట్‌ను నడిపిస్తారు. అయినా బావి కొద్దిగా ఎగుడుదిగుడుగా వస్తుంది. మోడల్‌లో బావి మార్గాన్ని ఒక మీటరు పైకి, కిందికి అలలా వేసి ఒకసారి నడిపి చూడండి. 13 మీటర్ల పొరలో అది చిన్న మార్పేమీ కాదు.

ఇంకొకటి. తవ్వేటప్పుడు మడమ భాగం డ్రిల్లింగ్ బురదకు ఎక్కువ రోజులు గురవుతుంది, చివరి భాగం తక్కువ రోజులే. అందుకే రాయికి జరిగే నష్టం సాధారణంగా మడమ దగ్గర ఎక్కువ. బావి పొడవునా ఒకే స్కిన్ విలువ (ఆ నష్టాన్ని సూచించే అంకె) ఇవ్వడం కన్నా మడమ నుంచి చివరికి తగ్గుతూ ఇవ్వడం వాస్తవానికి దగ్గరగా ఉంటుంది.

విశాఖ_విద్యార్థి

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. వారం రోజులుగా మీరు చెప్పినవి ఒక్కొక్కటిగా చేస్తున్నాను. బావి చుట్టూ 5 మీటర్ల గడులు, చమురు పొరలో అర మీటరు మందం పెట్టాక, ఇంకా తగ్గించినా గ్యాస్ వచ్చే రోజు పెద్దగా మారడం లేదు. బహుఖండ నమూనాతో 1,000 మీటర్ల బావి మొదటి ఉత్పత్తి దాదాపు మూడో వంతు తగ్గింది. 2,000 మీటర్ల ఒంటి బావి దానికన్నా 15 శాతం కూడా ఎక్కువ ఇవ్వలేదు, చివరి సగభాగం దాదాపు నిద్రపోతున్నట్టు ఉంది. రెండు శాఖల బావి మాత్రం 80 శాతం ఎక్కువ ఇచ్చింది. మొదటి ఫలితంలో సమానంగా కనిపించిన రెండు బావుల మధ్య ఇంత తేడా ఉందని చూసి ఆశ్చర్యపోయాను.

అయితే కొత్త సందేహం వచ్చింది. 1 బార్ డ్రాడౌన్‌తో మూడు సమాంతర బావుల్లోనూ గ్యాస్ త్వరగానే వస్తోంది, శాఖల బావిలో మొత్తం గ్యాస్ కూడా ఎక్కువ. అప్పుడు ఏది మెరుగైన బావి అని ఎలా నిర్ణయించాలి? శాఖల బావికి కూడా, బావి పొడవునా ప్రవాహాన్ని సమం చేసే ప్రవాహ నియంత్రణ పరికరాలు అవసరమా, లేక శాఖలుగా విడగొట్టడమే చాలా?

సమాధానం – ఉత్తర_సముద్రం

మీ ఫలితాలు లెక్కకు సరిపోతున్నాయి. 15 సెంటీమీటర్ల గొట్టంలో 1 బార్ డ్రాడౌన్‌తో ఎంత పొడవు తవ్వినా రోజుకు సుమారు 3,000 ఘనపు మీటర్ల దగ్గర ఉత్పత్తి ఆగిపోవాలి, మీ 2,000 మీటర్ల బావి ఆ హద్దుకు చేరింది.

పోలిక విషయానికి వస్తే, అన్ని బావులకూ ఒకే అడుగు పీడనం ఇవ్వడం న్యాయంగా కనిపిస్తుంది కానీ న్యాయం కాదు. ఎక్కువ పొడవు రాయిని తాకే బావికి అదే చమురు తీయడానికి తక్కువ డ్రాడౌన్ చాలు, ఆ తక్కువ డ్రాడౌనే దాని ప్రయోజనం. దానికి కూడా 1 బార్ ఇచ్చి లాగితే ఆ ప్రయోజనాన్ని మీరే తీసేసినట్టవుతుంది. 12 మీటర్ల చమురు ఇచ్చే 0.77 బార్ కన్నా మీ డ్రాడౌన్ ఎక్కువ కాబట్టి గ్యాస్ రావడంలో వింత లేదు. వాస్తవానికి క్షేత్రంలో బావులను గ్యాస్ వచ్చాక కూడా నడుపుతారు, దాని పాలు పెరిగేకొద్దీ ఉత్పత్తిని తగ్గించుకుంటూ వెళతారు. అక్కడ చివరికి హద్దు పెట్టేది ప్లాట్‌ఫామ్ ఒక రోజులో ఎంత గ్యాస్‌ను తీసుకోగలదన్నదే. కాబట్టి ప్రతి బావికీ రోజువారీ గ్యాస్ పరిమితి ఒకటి పెట్టి, ఆ పరిమితిలో ప్రతి ఆకృతికీ దానికి అనువైన రేటును విడిగా వెతికి, ఆ తర్వాత పోల్చండి. మొత్తం గ్యాస్ ఒక నిర్ణీత స్థాయికి చేరేసరికి ఎంత చమురు వచ్చిందన్న గ్రాఫును నేను అన్నింటికన్నా ఎక్కువ నమ్ముతాను. కాలాన్ని అడ్డ అక్షంపై పెట్టిన గ్రాఫులో వేగంగా లాగిన బావి ఎప్పుడూ గొప్పగా కనిపిస్తుంది.

నిలువు బావిని కూడా ఒక్కటిగా పెట్టకండి. సమాంతర బావి ఖర్చులో ఎన్ని నిలువు బావులు వస్తాయో అన్ని వేసి చూడాలి. సముద్రగర్భంలో ప్రతి బావికీ విడిగా వెల్‌హెడ్, పైపులు కావాలి కాబట్టి ట్రోల్‌లో ఆ పోలిక నిలువు బావులకు అనుకూలంగా రాదు. భూమి మీద, చౌకగా తవ్వగలిగే చోట మాత్రం ఆ నిర్ణయం మారవచ్చు. ఉభయగోదావరి జిల్లాల్లోని భూభాగపు క్షేత్రానికి ఈ పద్ధతిని వాడాలనుకుంటే ఖర్చుల నిష్పత్తిని అక్కడి లెక్కతో వేసుకోండి, నార్వే అంకెలు తీసుకోకండి.

ఇసుకరాయి గారు చెప్పిన విషయాన్ని ఇంకొక అడుగు ముందుకు తీసుకెళ్ళండి. పారగమ్యత, బంకమట్టి పొరల పరిధి తెలియవు కాబట్టి ఒకే భూగర్భ చిత్రంపై గెలిచిన బావిని గెలిచినట్టు భావించకూడదు. నెదర్లాండ్స్‌కు చెందిన టీఎన్‌ఓ సంస్థ 2018లో బావుల స్థానం, నియంత్రణ విషయంలో పెట్టిన సవాలుకు తయారుచేసిన ఒలింపస్ అనే నమూనా క్షేత్రంలో 50 భిన్నమైన భూగర్భ చిత్రాలు ఉన్నాయి, ఇటువంటి పరీక్ష కోసమే. మీరు అంత దూరం వెళ్ళనవసరం లేదు. పది, పదిహేను చిత్రాలు చేసుకుని ఎన్నింటిలో శాఖల బావి ముందుంటుందో లెక్కించండి. పదిహేనింటిలో పద్నాలుగు సార్లు ముందుంటే అది ఒక మాట, తొమ్మిది సార్లు మాత్రమే ఉంటే అది వేరే మాట.

ఇక పరికరాల గురించి. ప్రవాహ నియంత్రణ పరికరాలను మొట్టమొదట 1990ల ఆరంభంలో నోర్స్క్ హైడ్రో కంపెనీ ట్రోల్ కోసమే తయారు చేయించింది, మీరు లెక్కలో చూసిన మడమ సమస్యను తప్పించడానికే. లైనర్‌లో ప్రతి జాయింటుకూ (గొట్టపు ముక్కకూ) ఒక సన్నని మార్గం పెడతారు. దాని గుండా పోయేటప్పుడు పీడన నష్టం ప్రవాహపు వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది కాబట్టి ఎక్కువ పోవాలని చూసే మడమ భాగానికే ఎక్కువ అడ్డు తగులుతుంది, చివరి భాగానికి తక్కువ. ఆ తర్వాతి కాలంలో గ్యాస్ వచ్చినప్పుడు తమంతట తామే బిగుసుకునే వాల్వులను కూడా ట్రోల్‌లో వాడారు.

మీ రెండు శాఖల్లో ఒక్కోదానిలో ఘర్షణ నష్టం ఇంకా డ్రాడౌన్‌తో పోల్చదగిన స్థాయిలోనే ఉంది. కాబట్టి శాఖలుగా విడగొట్టినంత మాత్రాన అవసరం తీరదు, పరికరాలు కావాలి. అంతేకాక రెండు శాఖల్లో ఒకదానికి గ్యాస్ ముందు వస్తే అది ఉమ్మడి గొట్టాన్ని నింపి రెండో శాఖను అణచివేస్తుంది. బావిని మూసినప్పుడు ఒక శాఖ నుంచి ఇంకొక శాఖలోకి ప్రవాహం జరగవచ్చు. అందువల్ల శాఖలు కలిసే చోట ప్రతి శాఖకూ విడి వాల్వు ఉన్న సందర్భాన్ని కూడా నడిపి చూడండి. సిమ్యులేటర్‌లో ఆ ఖండానికి డబ్ల్యూసెగ్‌వాల్వ్ కీవర్డ్ ఇస్తే సరిపోతుంది. పరికరాలకు మాత్రం ప్రతి జాయింటుకూ ఖండం పెట్టనవసరం లేదు, 100 మీటర్లకు ఒకటి చొప్పున వాటి మొత్తం రంధ్ర వైశాల్యాన్ని కలిపి ఇవ్వండి. రంధ్రం వైశాల్యాన్ని మూడు, నాలుగు విలువలతో మార్చి, ప్రతి దానికీ ఖండాల వారీ ప్రవాహాన్ని బావి పొడవునా గీయండి. రంధ్రం మరీ చిన్నదైతే ప్రవాహం సమమవుతుంది కానీ మొత్తం చమురు పడిపోతుంది. ఆ రెండింటి మధ్య మీకు తగిన విలువ ఎక్కడ ఉందో గ్రాఫులోనే కనిపిస్తుంది. ఆ గ్రాఫులు వచ్చాక ఇక్కడ పెట్టండి, తప్పకుండా చూస్తాను.